తెల్ల కాగితం ఎక్కువున్న సింఫనీ

పోయిన నెల ఒక రాత్రి, సికింద్రాబాద్‌లో పియానో పాఠాలు చెప్పే నా స్నేహితురాలు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. ఆర్కెస్ట్రా స్కోరులో, అంటే ఏ వాద్యం ఏం వాయించాలో రాసిన ప్రతిలో, ఒక పేజీ. ఎక్కడో రెండు వరసల్లో స్వరాలున్నాయి. మిగతాదంతా ఖాళీ గీతలు, విరామం గుర్తులు. కింద వాయిస్ మెసేజ్: "దీని గురించేనా నువ్వు రెండు వారాల నుంచి నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నావు? సగం పేజీ తెల్లగా ఉందే! నా దగ్గర గ్రేడ్ ఫైవ్ పిల్లలు ఇంతకన్నా నిండుగా రాస్తారు."

అది ఇంగ్లిష్ సంగీతకర్త మాల్కమ్ ఆర్నల్డ్ ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచనల్లో ఒకటి, ఆయన తొమ్మిదో సింఫనీ. ఆమెకి గట్టిగా జవాబిద్దామనే ఇది రాయడం మొదలుపెట్టాను. నాలుగు పేరాలు రాసి కొట్టేశాక తెలిసిందేమిటంటే, ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. పేజీ నిజంగానే తెల్లగా ఉంది. ఆ తెలుపు చూడగానే అందరం వేసే తర్వాతి ప్రశ్న ఉంది చూశారూ, నా పేచీ దానితో. ఆయన చేతగాక ఇలా రాశాడా, కావాలనే ఇలా రాశాడా?

నిండుగా రాసే మనిషి

ఆర్నల్డ్ పేరు తెలియనివాళ్ళు కూడా ఆయన పని ఎక్కడో వినే ఉంటారు. 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' సినిమాలో యుద్ధఖైదీలు ఈల వేసుకుంటూ క్యాంపులోకి నడిచొస్తారు కదా. ఆ ఈల పాట ఆర్నల్డ్‌ది కాదు, 1914 నాటి కెన్నెత్ ఆల్ఫర్డ్ మార్చ్. ఆర్నల్డ్ చేసిందల్లా దాని మీద చక్కగా కూర్చునే ఇంకో మార్చ్ రాయడం. రెండూ కలిపి వాయిస్తే ఒకదాని కాలు ఒకటి తొక్కదు. ఆ సినిమాకి సంగీతమంతా పది రోజుల్లో పూర్తి చేసి ఆస్కార్ పట్టుకుపోయాడు.

ఈ విషయం ముందే చెప్పడానికి కారణం ఉంది. ఖాళీ జాగా కనిపిస్తే రెండో రాగాన్ని దూర్చకుండా ఉండలేని మనిషి ఆయన. నార్తాంప్టన్‌లో బూట్ల వ్యాపారం చేసే కుటుంబంలో 1921లో పుట్టాడు. చిన్నప్పుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని విని ట్రంపెట్ పట్టాడు. లండన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో ప్రధాన ట్రంపెట్ వాద్యకారుడయ్యాడు. అంటే ఆర్కెస్ట్రా ఎలా మోగుతుందో పుస్తకంలో చదివి కాదు, మధ్యలో కూర్చుని నేర్చుకున్నాడు. తర్వాత వందకు పైగా సినిమాలు, లెక్కలేనన్ని కన్సర్టోలు (ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచనలు), ఇంగ్లిష్ డాన్సులు, స్కాటిష్ డాన్సులు. 1956లో ఒక హాస్య కచేరీ కోసం మూడు వాక్యూమ్ క్లీనర్లు, నేల పాలిష్ చేసే మెషీన్, నాలుగు తుపాకులు పెట్టి ఒక ఓవర్చర్, అంటే కచేరీ మొదట్లో వాయించే చిన్న రచన, రాశాడు. 1969లో డీప్ పర్పుల్ వాళ్ళు రాయల్ ఆల్బర్ట్ హాల్లో రాక్ బ్యాండుని ఆర్కెస్ట్రా పక్కన నిలబెట్టినప్పుడు కర్ర పట్టుకుని నడిపించింది ఆర్నల్డే. అదే సాయంత్రం అదే వేదిక మీద ఆయన ఆరో సింఫనీ కూడా వాయించారు. ఆ రికార్డింగు వందసార్లు విన్న రాక్ అభిమానుల్లో చాలామందికి ఈ రెండో సంగతి తెలియదు.

ఇంత సరదా మనిషి సింఫనీలు మాత్రం మొదటినుంచీ అంత సరదాగా ఉండవు. 1961 నాటి అయిదో సింఫనీలో చిన్న వయసులోనే పోయిన తన స్నేహితుల కోసం రాసుకున్న సంగీతం ఉంది. అందులో రెండో భాగం వింటే, వెన్నపూస లాంటి రాగం. దాని వెనకే ఏదో నలుగుతూ ఉంటుంది. ఏడో సింఫనీ వింటే భయమేస్తుంది.

1978లో ఎనిమిదోది రాశాడు. ఆ తర్వాత మనిషి కూలిపోయాడు. మానసిక అనారోగ్యం ఎప్పటినుంచో ఉంది, తాగుడు ఉంది, రెండు పెళ్ళిళ్ళూ నిలవలేదు. నార్తాంప్టన్‌లోనే ఆస్పత్రిలో చేరాడు. ఆయన డబ్బు వ్యవహారాలు కోర్టు చూసేది. బతికేది ఇంకో ఏడాదో రెండేళ్ళో అన్నారు. 1984లో ఆంథొనీ డే అనే ఆయన సంరక్షకుడిగా వచ్చాడు. ఇద్దరూ నార్ఫోక్‌లో ఉండేవాళ్ళు. 1986లో, వేసవి చివర, కొద్ది వారాల్లో తొమ్మిదో సింఫనీ రాసి ఆంథొనీ డేకి అంకితమిచ్చాడు.

స్కోరు చూసినవాళ్ళకి ఏమనాలో తెలియలేదు. అయిదేళ్ళకు పైగా దాన్ని ఎవరూ కచేరీలో వాయించలేదు. చివరికి 1992 జనవరిలో మాంచెస్టర్‌లో బీబీసీ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కండక్టర్ సర్ చార్లెస్ గ్రోవ్స్ వాయింపజేశాడు. అదే ఏడాది జూన్‌లో గ్రోవ్స్ పోయాడు. ఏడాదో రెండేళ్ళో అన్న ఆర్నల్డ్ మాత్రం 2006 దాకా బతికాడు.

పాపం వర్గం, ఋషి వర్గం

ఈ సింఫనీ మీద ఎవరు రాసినా రెండు గూళ్ళలో ఏదో ఒకదానిలో దూరతారు. ఒక వర్గానికి ఇది జాలిగాథ. పాపం, గొప్పవాడే, మందులూ జబ్బూ కలిసి తినేశాయి, చివరికి రెండు గీతల సంగీతం మిగిలింది. రెండో వర్గానికి ఇది తపస్సు. నరకం చూసొచ్చినవాడు, అనవసరమైనదంతా వదిలేసి పరమార్థం పట్టుకున్నాడు, మనలాంటివాళ్ళకి అందదు.

ఈ రెండూ ఒకదానికొకటి ఎదురనుకుంటాం గానీ, పుట్టింది ఒకే ఇంట్లో. రెండు వర్గాలూ చూసేది ఆస్పత్రి కేస్ షీటునే. ఒకరు దాన్ని చూసి తలాడిస్తారు, ఇంకొకరు దణ్ణం పెడతారు. సంగీతం మాత్రం పక్కన తన పాటికి తాను మోగుతూ ఉంటుంది.

నేను మొదట ఋషి వర్గంలోనే ఉన్నాను. అందులో సుఖం ఉంది. విసుగొచ్చిన ప్రతిచోటా 'ఇది నా లోపం' అనుకోవచ్చు. కండక్టర్ ఆండ్రూ పెన్నీ ఐర్లండ్ జాతీయ ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగు మొదట విన్నాను. అందులో సింఫనీ అయిపోయాక ఆర్నల్డ్‌తో పెన్నీ మాట్లాడిన సంభాషణ కూడా ఉంది. సంగీతం మధ్యలో ఆపి ముందు ఆ మాటలు విన్నానని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కీలకం ఏదో అందులో దొరుకుతుందని ఆశ. పెన్నీ ఓపిగ్గా అడుగుతుంటే ఆయన పొట్టిపొట్టి జవాబులిస్తాడు. కీలకమేమీ దొరకలేదు. ముసలాయన గొంతు దొరికింది, అంతే.

కుడి పక్క, పైకి

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. ఇది ఎక్కడికి పోతుందో నాకూ పూర్తిగా తెలియదు, కానీ ఈ సింఫనీ విన్నప్పుడల్లా అదే గుర్తొస్తోంది.

మా నాన్న తెలుగు మాస్టారు. మాటకి మాట అంటించే మనిషి. కూరగాయల బండి దగ్గర కూడా శ్లేష లేకుండా బేరం ఆడేవాడు కాదు. రిటైరయిన మూడో ఏడు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. నాలుగైదు నెలలకి మాట కొంచెం తిరిగొచ్చింది. రెండు మాటలు, మహా అయితే మూడు. క్రియాపదాలు రావడం మానేశాయి.

చూడ్డానికి వచ్చే చుట్టాల్లో సరిగ్గా ఆ రెండు వర్గాలే. "ఎంత మాట్లాడే మనిషి, పాపం" అని కొంగుతో కళ్ళు ఒత్తుకునేవాళ్ళు ఒక పక్క. "మాస్టారు ఇప్పుడు మౌనంలో ఉన్నారమ్మా, మనం మాట్లాడేదంతా వృథా" అనేవాళ్ళు ఇంకో పక్క. ఈ రెండో రకం ఎక్కువగా ఆయన పాత శిష్యులు.

ఒకరోజు మా పెద్దత్త వచ్చి మంచం పక్కన కూర్చుంది. నాన్న ఆవిడ వంక చూసి "కుడి పక్క" అన్నాడు. మా అత్త గుండె కరిగిపోయింది. ఆ పడిపోయిన చెయ్యి తీసుకుని నిమరడం మొదలుపెట్టింది. నాన్న తల అడ్డంగా ఊపి "పైకి" అన్నాడు. చెయ్యి పైకి పెట్టమంటున్నాడని కింద ఒక తలగడ పెట్టింది. "కుడి పక్క. పైకి." ఇంకో తలగడ. పక్కనే నిలబడ్డ శిష్యుడొకాయన "పైకి అంటున్నారు, విన్నారా?" అని నా వంక చూసి కళ్ళు మూసుకున్నాడు. ఆయనకి అప్పటికే అది వైకుంఠంలా వినిపించినట్టుంది.

ఇంజెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కాంపౌండరు సిరంజీలో మందు ఎక్కిస్తూ నాన్న ఎటు చూస్తున్నాడో అటు చూశాడు. ఎదురు గోడ మీద మా తాతగారి ఫొటో, కుడి పక్కకి దిగి, వంకరగా వేలాడుతోంది. వెళ్ళి ఆ మూల పైకి జరిపాడు. నాన్న "ఆఁ" అని కళ్ళు మూసుకున్నాడు.

అంతే సంగతి. గదిలో ఉన్న అందరం మంచాన్ని చూస్తున్నాం. మంచం మీద ఉన్నాయన గోడని చూస్తున్నాడు.

దీన్ని ఆర్నల్డ్‌కి అతికించడం తేలికే, అందుకే కొంచెం ఆగాలి. మా నాన్న కావాలని మాటలు తగ్గించుకోలేదు. ఆయనకి ఇంకా చాలా మాటలు కావాలి, రావడం లేదు. రాత్రిళ్ళు ఆ కోపంతో మంచం పట్టె గుద్దేవాడు. కాబట్టి 'చూశారా, తక్కువ మాటల్లోనే అసలు సంగతి ఉంది' అని నేను అంటే అది మా నాన్నకి ద్రోహం. చేతగాకపోవడం నిజం. ఆ చేతగాని మాట ఫొటో గురించే అన్నదీ నిజం. మొదటిదాని వల్ల రెండోది అబద్ధం కాలేదు, గొప్పదీ కాలేదు.

నేను ఈ సింఫనీ గురించి చెప్పదలుచుకున్నదీ ఇదే. ఆర్నల్డ్‌కి 1986లో పాత రోజుల్లా రాసే శక్తి ఉందో లేదో నాకు తెలిసే దారి లేదు. బహుశా లేకపోవచ్చు. అదే ఏడాది ఐరిష్ డాన్సులు కూడా రాశాడు, తర్వాత చెల్లో కన్సర్టో, రికార్డర్ కన్సర్టో, వెల్ష్ డాన్సులు రాశాడు కాబట్టి పూర్తిగా ఎండిపోలేదని వాదించవచ్చు. వాటిలోనూ పాత ఒత్తిడి లేదు కదా అని ఎదురు వాదించవచ్చు. ఆ వాదన ఎటు తేలినా గోడ మీద ఏముందన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

మరి గోడ మీద ఏముంది?

సింఫనీలో నాలుగు భాగాలు. మొదటిది వివాచే, హుషారుగా సాగాలి. రెండోది అల్లెగ్రెట్టో, కాస్త చురుగ్గా. మూడోదాని పేరు జూబిలోసో, అంటే ఉల్లాసంగా. నాలుగోది లెంతో, నెమ్మదిగా. మొత్తం ముప్పావు గంట దాటుతుంది, అందులో దాదాపు సగం ఈ చివరి భాగానిదే.

మొదటి భాగం నాకు ఇప్పటికీ కుదరలేదు. ఒక మాట అంటాడు, మళ్ళీ అంటాడు, ఇంకో వాద్యంతో మళ్ళీ అంటాడు. నాలుగోసారి వచ్చేటప్పటికి 'సరే, తర్వాత?' అనిపిస్తుంది. పాపం వర్గం వాళ్ళ కేసు ఇక్కడే బలంగా ఉంది. నేను దాన్ని కాదనను. ప్రతి బలహీనతకీ 'కావాలనే' అని ముద్ర వేస్తూ పోతే విమర్శ అన్నదే ఉండదు, భజన ఉంటుంది.

రెండో భాగం వేరు. పల్లెపాటలా ఊగే చిన్న రాగం ఒకటి, దిగులుగా. వాద్యాలు మారతాయి, రాగం మారదు. కష్టపడి పెంచడం, విస్తరించడం ఏమీ ఉండవు. ఇదీ పునరుక్తే, కానీ మొదటి భాగంలోలాగా కాళ్ళు నేల మీద కొట్టుకోవడం లేదు. పిల్లని ఒళ్ళో వేసుకుని జోకొట్టేటప్పుడు పాట మార్చం కదా, అలాంటి పునరుక్తి. ఒకే చెయ్యి, ఒకే పద్ధతి, ఒకచోట తేలిపోయింది, ఇంకోచోట నిలబడింది. చేతగాకపోవడమే కారణమైతే రెండు చోట్లా ఒకేలా ఉండాలి కదా? ఈ తేడాని కేస్ షీటు వివరించలేదు. చెవి పెట్టి వింటేనే తెలుస్తుంది.

ఇక లెంతో. తీగ వాద్యాలు కిందికి దిగే ఒక మాట మొదలుపెడతాయి. అయిపోయిందనుకునే లోపు అదే మాట ఇంకో మెట్టు మీది నుంచి మళ్ళీ. బరువైన ఇత్తడి వాద్యాలు ఎప్పుడో ఒకసారి ఒప్పుకున్నట్టు తల ఊపుతాయి. ఇరవై నిమిషాలకు పైగా ఇంతే. నాలుగోసారి సాయంత్రం పూట స్పీకర్లో పెట్టుకుని వింటుంటే మా అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఇంకా అదేనా? ఇంట్లో ఎవరో పోయినట్టుంది. దీపం పెట్టే వేళ, అది కట్టెయ్" అంది. కట్టేశాను. మా అమ్మ రెండు వర్గాల్లోనూ లేదు, సంగీతం ఏం చేస్తోందో సూటిగా చెప్పేసింది. ఎవరో పోయారు.

ఎవరు పోయారో తెలియదు. అయిదో సింఫనీలోలా స్నేహితులు కావచ్చు, తన పాత పనితనమే కావచ్చు, ఎవరూ కాకపోవచ్చు. శోకంలో ఒక ఘట్టం ఉంటుంది. ఏడుపు అయిపోతుంది, వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారు, పన్నెండో రోజు కూడా దాటుతుంది. ఇల్లు తుడిచి ఉంటుంది. చేయడానికి పనేమీ ఉండదు, కానీ కూర్చున్నచోటు నుంచి లేవబుద్ధి కాదు. లెంతో నాకు ఆ ఇంట్లో ఉన్నట్టుంటుంది. అక్కడ నిండుగా రాసిన సంగీతం అక్కర్లేదు, నిండుగా రాస్తే అబద్ధం. ఇక్కడ తెల్ల కాగితం సంగీతానికి పనికొస్తోంది. ఆయన దాన్ని ఎంచుకున్నాడా, అదొక్కటే మిగిలిందా అన్నది నాకు ఇప్పుడు నిజంగా పట్టడం లేదు.

మన చెవి అడ్డదారి

ఇంకో వాదన కూడా తయారుచేసుకున్నాను, నా స్నేహితురాలి మీద ప్రయోగిద్దామని. అది ఇలా సాగుతుంది: పాశ్చాత్య సంగీతం వినే చెవికి హార్మొనీ, అంటే ఒకేసారి చాలా స్వరాలు కలిసి మోగడం, అలవాటు. అడుగున పునాది, మధ్యలో గోడలు, పైన కప్పు ఉండాలి. రెండే గీతలుంటే వాళ్ళకి ఇల్లు కట్టడం మధ్యలో ఆపేసినట్టుంటుంది. మనకేమిటి? తంబుర శ్రుతి మీద ఒక్క గొంతు అరగంట ఆలాపన చేస్తే దాన్ని ఎవరైనా ఖాళీ అన్నారా? కాబట్టి ఈ సింఫనీని బ్రిటిష్ వాళ్ళ కన్నా మనమే బాగా వినగలం.

చెప్పుకోవడానికి బ్రహ్మాండంగా ఉంది. ఫోన్లో ఆమెకి చెప్పాను కూడా. ఆమె రెండు నిమిషాల్లో పీకి పందిరి వేసింది. "మీ ఆలాపనలో ఒక్క గొంతే ఉంటుంది, సరే. ఆ గొంతు ఊరికే ఉంటుందా? ఒక్క గాంధారం మీద ఎన్ని గమకాలు, ఎంత ఊపు! ఇందులో ఏముందే? స్వరం, తర్వాత స్వరం. కడిగేసిన గిన్నెలా ఉంది. నీ చెవికి ఇది ఇంకా ఖాళీగా వినిపించాలి, తక్కువ కాదు."

నిజమే. ఆర్నల్డ్ గీత బోసిగా ఉంటుంది. గమకం లేదు, అలంకారం లేదు, శ్రుతి కూడా పట్టి ఉండదు. మన సంగీతంతో పోలిక పెట్టి ఈయనకి గౌరవం తెచ్చిపెట్టాలనుకోవడం నా వైపు నుంచి ఇంకో రకం ఋషి వర్గం పని. ఆ పేరా కొట్టేయకుండా ఇక్కడ ఉంచాను, ఎంత తేలిగ్గా జారతామో చూడండని.

నన్ను వదలని సందేహం

ఒక్క సందేహం మాత్రం నా వాదన మొత్తాన్నీ లోపలినుంచి కొరుకుతోంది. కేస్ షీటు పక్కన పెట్టి వినమంటున్నాను కదా, నేను అలా విన్నానా? లేదు. ఆయన కథ తెలియకపోతే మొదటి భాగం నాలుగో నిమిషంలోనే ఆపేసేదాన్ని. ఏదో ఉందని నమ్మించి నన్ను నలభై నిమిషాలు కూర్చోబెట్టింది ఆ ఆస్పత్రి కథే. నిచ్చెన మీంచి ఎక్కి వచ్చి, నిచ్చెన అక్కర్లేదని చెప్తున్నాను.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం గమనించాను. కథ మొదటిసారి వినడానికి పనికొచ్చింది. అయిదోసారి, ఆరోసారి వినేటప్పుడు అది అడ్డొచ్చింది. రెండో భాగం వింటూ 'ఇది రాసే రోజున ఆయన మందు వేసుకున్నాడా' అని ఆలోచిస్తున్న క్షణంలో రాగం దాటిపోయింది. వెనక్కి జరిపి మళ్ళీ పెట్టుకోవాల్సి వచ్చింది.

ముసలితనంలో రాసిన తొమ్మిదో సింఫనీకి ఇలా జరగడం ఇంగ్లండ్‌లో కొత్త కూడా కాదు. అక్కడి సంగీతకర్త వాన్ విలియమ్స్ తన తొమ్మిదోదాన్ని 85 ఏళ్ళ వయసులో, 1958 ఏప్రిల్‌లో లండన్‌లో వినిపించాడు. మూడు శాక్సోఫోన్లు, ఒక ఫ్లూగల్‌హార్న్ ఉన్న విచిత్రమైన రచన. అప్పట్లో చాలామంది 'పెద్దాయన తన పాత సంగతులే మళ్ళీ చెప్తున్నాడు' అని మర్యాదగా పెదవి విరిచారు. అదే ఏడాది ఆగస్టులో, కండక్టర్ ఏడ్రియన్ బోల్ట్ దాన్ని రికార్డు చేయాల్సిన రోజు తెల్లవారకముందే ఆయన పోయాడు. ఇవాళ దాన్ని తీసిపారేసేవాళ్ళు పెద్దగా కనిపించరు. మారింది స్కోరు కాదు, అందులో ఒక్క చుక్క కూడా కదల్లేదు. ఆ ముసలాయన ముఖం ఎదురుగా లేకుండా వినే అవకాశం జనానికి వచ్చింది. ఆర్నల్డ్‌కి అది ఇంకా పూర్తిగా రాలేదనుకుంటాను. ఆయన జీవితచరిత్ర మరీ గట్టిగా మోగుతుంది. అందులో ఆయన చేతిలో ఇంట్లోవాళ్ళు పడ్డ కష్టాలు కూడా ఉన్నాయి, అవి మర్చిపోయి ఆయన్ని సాధువుని చేయడం ఇంకో అన్యాయం.

అలాగని తొమ్మిదోది ఆయన అన్నిటిలోకీ గొప్పదని అననులెండి. ఎవరైనా ఒక్కటే వింటానంటే అయిదోది వినమంటాను, మొహమాటం లేకుండా.

ఆఖరి గాంధారం

చివరి పేజీ గురించి చెప్పి ఆపుతాను. ఇరవై నిమిషాల లెంతో చివర ఒక డి మేజర్ కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు, వస్తుంది. అంతవరకూ ఉన్నది మైనర్ ఛాయ. మన లెక్కలో చెప్పాలంటే, డి ని షడ్జం అనుకుంటే, సాధారణ గాంధారం కాస్తా అంతర గాంధారం అవుతుంది. జరిగేది అంతే. ఒక్క స్వరం, ఒక్క మెట్టు పైకి.

దీని మీద బోలెడు రాశారు. ఆశ అని, వెలుగు అని, చీకటి గెలవలేదని. నాకు మాత్రం అది ఓదార్పులా వినిపించదు. అంత పెద్ద బరువుని ఆ ఒక్క స్వరం మోయలేదు, మోస్తున్నట్టు నటించదు కూడా. వంకరగా ఉన్న ఫొటో మూలని ఎవరో పైకి జరిపినట్టుంటుంది. జరిపినంత మాత్రాన ఎవరి చెయ్యీ లేవలేదు, ఎవరి మాటా తిరిగి రాలేదు. ఫొటో నిటారుగా ఉంది.

పోయిన ఆదివారం సికింద్రాబాద్ వెళ్ళాను. స్నేహితురాలు స్కోరు ప్రింటు తీసి పియానో మీద పెట్టుకుని ఉంది. "రెండే గీతలు కదే, రెండు చేతులు చాలు" అని ఎకసెక్కంగా అని, లెంతో ఆఖరి ఆరు పేజీలు వాయించింది. మొదటి పేజీలో నా వంక చూసి నవ్వింది. మూడో పేజీ దగ్గర నవ్వు ఆపి కళ్ళజోడు సర్దుకుంది. ఆమెకి నచ్చిందని కాదు. ఎడంచేతి గీత ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో తేల్చుకోవడానికే కష్టపడింది. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్ళి, ఆ విరామం ఇంకొంచెం పొడుగ్గా పట్టుకుని మళ్ళీ వాయించింది. అలా రెండుసార్లు.

ఆఖరి కార్డు నొక్కింది. అది సరిగ్గా మోగలేదు. వానాకాలం తేమకి ఆమె పియానోలో ఆ గాంధారం, ఎఫ్ షార్ప్ తీగ, దిగిపోయి ఉంది, అటు సాధారణమూ కాదు, ఇటు అంతరమూ కాదు.

"ట్యూనర్ శనివారం వస్తానన్నాడు," అంది పెడల్ మీంచి కాలు తీయకుండా, ఆ శబ్దం పూర్తిగా పోయేదాకా వింటూ. "ఆదివారం రా. ఇది మళ్ళీ వాయించాలి."